ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

మా అమ్మ నోట ఎన్ని పాటలుండేవో మాకెవ్వరికీ లెక్క తెలియదు. గొబ్బి పాటలు, జోల పాటలు, పెళ్ళిలో వియ్యపురాళ్ళను ఆటపట్టించే పాటలు, అప్పగింతల వేళ మగవాళ్ళ చేత కూడా కంటతడి పెట్టించే పాటలు. అన్నీ తెలుగే. అయితే మధ్యమధ్య ఒక కన్నడం మాట, ఒక తమిళం మాట పాలలో నీళ్ళలా కలిసిపోయి ఉండేవి. మా హొసూరు వైపు తెలుగు తీరే అంత. ఏ పుస్తకంలోనూ అచ్చు కాని పాటలవి. పూణేలో ఉంటున్న మా అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడల్లా అవ్వ పక్కన కూర్చుని, ఒక్కొక్క పాటే పాడించుకుని, తన ఫోనులో ఒక నోట్సు యాప్‌లో రాసుకునేది. పాట పక్కనే అవ్వ గొంతు కూడా రికార్డు చేసి పెట్టేది. ఏడాదిన్నరలో 143 పాటలు పోగయ్యాయి.

బ్యాంకు బుద్ధి పోనిచ్చుకోలేక, "దీనికి డబ్బులేమైనా కట్టాలా తల్లీ?" అని అడిగాను. "లేదు నాన్నా, ఫ్రీయే!" అంది. ఆ ఒక్క మాటతో నా అనుమానం తీరిపోయింది.

తీరకుండా ఉంటే బాగుండేది. కొన్నాళ్ళకు ఆ యాప్‌ను తయారుచేసిన సంస్థ మరొకరి చేతికి వెళ్ళింది. అంతవరకూ ఉచితంగా ఉన్నది ఏడాది చందాకు మారింది. మా అమ్మాయి మారు మాట్లాడకుండా కట్టింది. మరుసటి ఏడు, సేవలు ఆపివేస్తున్నామనీ, 30 రోజుల్లో ఎవరి రాతలు వారు దించుకోవాలనీ ఒక ఉత్తరం పంపారట. అది తను ఎప్పుడో వాడడం మానేసిన పాత ఈమెయిలుకు వెళ్ళింది. తెలిసేసరికి గడువు దాటింది. పాత ఫోనులో ఒక ఫైలు మాత్రం మిగిలింది. దాన్ని ఆ యాప్ తప్ప వేరే ఏదీ తెరవలేదు; ఆ యాపే ఇప్పుడు లేదు. అప్పటికి అమ్మ పోయి నాలుగు నెలలు. ఆమె సహస్రచంద్రదర్శనం నాడు చిన్న పుస్తకంగా వేయించి పంచిపెట్టిన 31 పాటలు మాత్రం దక్కాయి.

ముప్పై ఏళ్ళుగా ఇళ్ళ అప్పులు మంజూరు చేస్తున్నవాణ్ణి. లింకు దస్తావేజులు లేకుండా, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టు చూడకుండా ఒక్క ఫైలు మీద సంతకం పెట్టి ఎరుగను. అలాంటివాణ్ణి మా ఇంటి ఆస్తిని తీసుకువెళ్ళి, స్థలం ఎవరి పేర ఉందో కూడా అడగకుండా, పరాయి ఇంట్లో పెట్టించాను. ఆ తరువాత కుదురుగా కూర్చుని ఈ సంగతులన్నీ చదివాను. తెలుసుకున్నది మన కుటుంబాలకు పనికివస్తుందేమోనని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఒక్క మాట, మూడు అర్థాలు

'ఫ్రీ' అన్న మాటను మనం ఇంటిమాట చేసుకున్నాం. "ఆదివారం ఫ్రీగా ఉంటారా?" అంటే తీరిక. "రెండు కొంటే ఒకటి ఫ్రీ" అంటే ఉచితం. "మొహమాటపడకండి, మా ఇంట్లో ఫ్రీగా ఉండండి" అంటే స్వేచ్ఛ. తీరిక సంగతి పక్కన పెడదాం. మిగిలిన రెండింటికీ ఇంగ్లీషులో ఒకే మాట కావడం వల్ల నలభై ఏళ్ళుగా ప్రపంచమంతా తికమక పడుతోంది. మనకు ఆ ఇబ్బంది లేదు. ఉచితానికి ఒక మాట, స్వేచ్ఛకు ఒక మాట మన భాషలో విడివిడిగానే ఉన్నాయి. అయినా ఫోను చేతికి వచ్చేసరికి మనమూ రెండింటినీ కలిపేసి 'ఫ్రీ' అనే అంటున్నాం. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతారని ఊరికే అనలేదు మనవాళ్ళు.

తేడా ఏమిటో బావి పోలికతో చెబుతాను. ఊళ్ళో ఒక ఆసామి తన పెరటి బావి నీళ్ళు అందరినీ తోడుకోనిస్తాడు. పైసా అడగడు. మంచివాడే. కానీ గేటు తాళం ఆయన దగ్గరే ఉంటుంది. రేపు ఆయన కొడుకు రావచ్చు, బిందెకింత అనవచ్చు, లేదా బావి పూడ్చి ఇల్లు కట్టుకోవచ్చు. అడిగే హక్కు మనకు లేదు. అదే ఊరబావి అయితే ఎవరైనా తోడుకోవచ్చు, లోపలికి తొంగి చూడవచ్చు, పూడిక తీయవచ్చు, గిలక మార్చవచ్చు. ఊరబావికి గేటు ఉండదు. ఆసామి బావి నీళ్ళు ఉచితం. ఊరబావి నీళ్ళలో స్వేచ్ఛ ఉంది. ఫోనులోని యాప్‌లన్నీ ఈ రెండు రకాలే. మొదటిదాన్ని యాజమాన్య సాఫ్ట్‌వేరు అనీ, రెండోదాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అనీ అంటున్నారు.

ఒక ప్రింటరు మొరాయించిన కథ

ఈ విభజన ఎక్కడ మొదలయిందో చెప్పుకోవాలంటే 1980 ప్రాంతానికి, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు వెళ్ళాలి. అక్కడి కృత్రిమ మేధ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు పనిచేసేవాడు. వారి పాత ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే, దాని కోసం ఎదురుచూస్తున్న వారందరి తెరల మీదా ఆ సంగతి కనిపించేలా ఆయన ప్రోగ్రామును సవరించి పెట్టుకున్నాడు. తరువాత జిరాక్స్ సంస్థ వారు ఒక కొత్త లేజరు ప్రింటరును బహూకరించారు. అదీ కాగితాన్ని ఇరికించేది. దీనికీ అదే సవరణ చేద్దామంటే, దాన్ని నడిపే ప్రోగ్రాము మూలరచన, అంటే సోర్సు కోడు, ఇవ్వలేదు. అది ఉన్న మరో విశ్వవిద్యాలయం మనిషిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టాను, ఇవ్వలేనన్నాడు.

సోర్సు కోడు అంటే ఏమిటని మా ఇంట్లో అడిగారు. వంటకం మన చేతికి వచ్చినా, అది వండిన విధానం రాసిన కాగితం వేరేగా ఉంటుంది కదా, ఆ కాగితం లాంటిది. మనం ఫోనులో దించుకునేది వండిన వంట. అందులో ఏం వేశారో రుచిని బట్టి ఊహించడమే తప్ప చూడలేం. కాగితం దొరికితే చూడవచ్చు, ఉప్పు తగ్గించుకోవచ్చు.

స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో 'గ్ను' అనే పథకాన్ని ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడింది. 1989లో 'జనరల్ పబ్లిక్ లైసెన్సు', క్లుప్తంగా జీపీఎల్, మొదటి రూపం వెలువడింది. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్సు, మరుసటి ఏడు ఈ జీపీఎల్ కిందికే వచ్చింది. నేడు ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటికీ అడుగున ఉన్న పునాది ఆ లినక్సే.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అనిపించుకోవాలంటే వాడేవారికి నాలుగు హక్కులుండాలి. ఒకటి, ఏ పనికైనా దాన్ని నడుపుకోవడం. రెండు, మూలరచనను చదివి తనకు కావలసినట్టు మార్చుకోవడం. మూడు, నకళ్ళు తీసి ఇతరులకు ఇవ్వడం. నాలుగు, తాను మార్చిన రూపాన్ని కూడా పదిమందికీ పంచడం. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లేకపోయినా అది యాజమాన్య సాఫ్ట్‌వేరే. గమనించారా, ఈ నాలుగింటిలో ధర ప్రస్తావనే లేదు. 1998 నుంచి 'ఓపెన్ సోర్స్' అన్న పేరు కూడా వాడుకలోకి వచ్చింది. రెండు వర్గాల వారికీ సిద్ధాంతంలో తగువులున్నా, మన బోటి వాడుకరులకు ఆచరణలో రెండూ దాదాపు ఒకే సరుకు.

ధర చూసి గుర్తుపట్టలేం

వాణిజ్యశాస్త్రం చదివినవాణ్ణి గనుక దీన్ని పట్టిక వేసుకుంటే తప్ప నాకు బోధపడలేదు. నాలుగు గళ్ళు వచ్చాయి.

మొదటి గడి, ఉచితమూ స్వేచ్ఛా రెండూ ఉన్నవి. వీడియోలు చూసే వీఎల్‌సీ, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు, వికీపీడియా యాప్ ఇందులోకి వస్తాయి. రెండో గడి, ఉచితమే గానీ స్వేచ్ఛ లేనివి. మనమంతా పొద్దున లేచి చూసుకునే వాట్సాప్ ఇక్కడ ఉంది. మూడో గడి, డబ్బూ కట్టాలి, స్వేచ్ఛా ఉండదు. చాలా ఆఫీసు ప్యాకేజీలు, ఆటలు ఇవే. నాలుగో గడే అందరినీ ఆశ్చర్యపరుస్తుంది: స్వేచ్ఛ ఉన్నా డబ్బు పుచ్చుకునేవి. జీపీఎల్ లైసెన్సు అమ్మకాన్ని కాదనదు. దారి చూపే ఓస్మాండ్ అనే పటాల యాప్ మూలరచన జీపీఎల్ కింద ఉంది. గూగుల్ ప్లేలో దాని ఉచిత రూపంలో పటాల సంఖ్యకు పరిమితి పెట్టి, పూర్తి సౌకర్యాలకు డబ్బు తీసుకుంటారు. అదే యాప్ ఎఫ్‌-డ్రాయిడ్ అనే మరో అంగడిలో పూర్తి రూపంలో ఉచితంగా దొరుకుతుంది. ఇందులో మోసమేమీ లేదు. హక్కులు అందరికీ ఉన్నాయి. సౌకర్యానికి వెల కట్టారు, అంతే.

పిల్లలకు తెలుగు అక్షరాలు, మాటలు నేర్పడానికి మనవాళ్ళలో కొందరు వాడుతున్న 'ఆంకీ' చీటీల పద్ధతి మరో ఉదాహరణ. కంప్యూటరులో నడిచే ఆంకీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు, ఉచితం. ఆండ్రాయిడ్ ఫోనులో నడిచే ఆంకీడ్రాయిడ్‌ను స్వచ్ఛందంగా కొందరు తయారుచేశారు; అదీ స్వేచ్ఛే, అదీ ఉచితమే. ఐఫోనులో నడిచే ఆంకీమొబైల్ మాత్రం కొనుక్కోవాలి, దాని మూలరచన బయటికి ఇవ్వరు. ఒకే ఇంటిపేరు, మూడు రకాల కాపురాలు. పేరు చూసి ఏదీ తేల్చలేం.

అంగళ్ళు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

మన ఫోన్లలో ఎక్కువమందికి ఉండేది గూగుల్ ప్లే. 2008లో ఆండ్రాయిడ్ మార్కెట్ అన్న పేరుతో మొదలై, 2012లో ఈ పేరుకు మారింది. అందులో ఒక యాప్ పేజీ తెరిచి చూడండి. ధర ఉంటే ధర కనిపిస్తుంది. ప్రకటనలు ఉన్నాయని, లోపల కొనుగోళ్ళు ఉన్నాయని చెబుతుంది. 2022 నుంచి 'డేటా భద్రత' అని ఒక భాగం కూడా ఉంది. అయితే అందులోని వివరాలు తయారుచేసినవారే రాసి ఇచ్చేవి. ఇన్ని చెప్పే ఆ పేజీలో, ఈ యాప్ ఏ లైసెన్సు కింద ఉందో చెప్పే గడి మాత్రం లేదు. బియ్యం బస్తా మీద బరువు, ధర, మిల్లు పేరు రాసి, లోపల ఉన్నది ఏ రకం బియ్యమో రాయనట్టు.

యాపిల్ వారి యాప్ స్టోరు కూడా 2008లోనే తెరిచారు. ధర లేని యాప్‌ల బొత్తాం మీద మొదట 'ఫ్రీ' అనే ఉండేది. లోపలికి వెళ్ళాక కొనమని అడిగేవాటిని ఫ్రీ అనడమేమిటన్న విమర్శలు వచ్చాయి. 2014 నవంబరులో ఆ మాట తీసేసి 'గెట్' అని మార్చారు. ఆ మాత్రం నిజాయితీ మెచ్చుకోదగిందే. కానీ లైసెన్సు సంగతి అక్కడా కనిపించదు.

పైగా ఆ అంగడి నిబంధనలకూ జీపీఎల్‌కూ పొసగదని ఒక తగువు కూడా నడిచింది. వీఎల్‌సీ ఐఫోను రూపాన్ని 2011 జనవరిలో ఆ స్టోరు నుంచి తొలగించారు. వీఎల్‌సీ రాసినవారిలోనే ఒకరు, నకళ్ళు తీసి పంచుకోవడానికి జీపీఎల్ ఇచ్చే హక్కును స్టోరు నిబంధనలు అడ్డుకుంటున్నాయని అభ్యంతరం చెప్పారు. 2013 జులైలో లైసెన్సులో మార్పులు చేసి మళ్ళీ తెచ్చారు. వస్తువు స్వేచ్ఛదైనా, అమ్మే అంగడి షరతులు ఆ స్వేచ్ఛకు అడ్డు రావచ్చునన్న పాఠం అందులో ఉంది.

ఇక లైసెన్సును గడపలోనే రాసిపెట్టే అంగళ్ళూ ఉన్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లకు ఎఫ్‌-డ్రాయిడ్ 2010లో మొదలైంది. అందులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మాత్రమే పెడతారు. ప్రతి యాప్ పేజీలోనూ లైసెన్సు పేరు, మూలరచన ఎక్కడ దొరుకుతుందో ఆ చిరునామా ఉంటాయి. రచయిత ఇచ్చిన వంటను అలాగే పెట్టకుండా, సాధారణంగా మూలరచన తెచ్చుకుని తామే వండి పెడతారు. ఇంకొక మెచ్చదగిన సంగతి, సరుకులోని లోపాలను కూడా వారే రాస్తారు. ప్రకటనలు ఉంటే ఉన్నాయని, వాడేవారి జాడ తీస్తుంటే తీస్తుందని, స్వేచ్ఛ లేని ఏదో సేవ మీద ఆధారపడితే ఆ సంగతీ చీటీ అంటిస్తారు. తన సరుకులో పురుగుందని తానే చెప్పే కిరాణా కొట్టు నేనింతవరకూ చూడలేదు.

ఇంజినీరింగు చదివే పిల్లలున్న ఇళ్ళలో లినక్సు కంప్యూటర్లు ఉంటాయి. వాటిలో డెబియన్ వారు తమ సరుకును అరలుగా విడదీశారు. ప్రధానమైన అరలో స్వేచ్ఛవి మాత్రమే ఉంటాయి. తాము స్వేచ్ఛవే అయినా స్వేచ్ఛ లేనివాటి మీద ఆధారపడేవి రెండో అరలో, స్వేచ్ఛ లేనివి వేరే అరలో ఉంటాయి. గ్నోమ్ సాఫ్ట్‌వేరు అనే లినక్సు అంగడిలోనూ ఒక్కొక్క యాప్ కింద అది సమాజం తయారుచేసిందా, యాజమాన్యానిదా అన్నది 2021 నుంచి స్పష్టంగా కనిపిస్తోంది. చెప్పదలుచుకుంటే చెప్పడం కష్టం కాదన్నమాట.

గుర్తుపట్టే పద్ధతి

గూగుల్ ప్లే, యాపిల్ అంగళ్ళలో మనమే విచారించుకోవాలి. అడగందే అమ్మయినా పెట్టదు. నేను పాటిస్తున్న వరస ఇది.

1. వివరణ చివరిదాకా చదవాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వారు ఆ సంగతి దాచుకోరు. జీపీఎల్, అపాచీ, ఎంఐటీ, మొజిల్లా వంటి లైసెన్సు పేర్లలో ఏదో ఒకటి రాస్తారు. 'ఫ్రీ' అన్న మాట ఒక్కటే ఉంటే అది ధర గురించే అనుకోవాలి.

2. తయారుచేసినవారి వెబ్‌సైటుకు వెళ్ళి మూలరచన ఎక్కడుందో చూడాలి. కోడు చూపించినంత మాత్రాన సరిపోదు. చూడవచ్చు గానీ మార్చకూడదు, పంచకూడదు అంటే అది అద్దాల బీరువా. తాళం ఉండనే ఉంది.

3. యాప్ లోపల 'ఓపెన్ సోర్స్ లైసెన్సులు' అన్న పేజీ కనిపిస్తే మోసపోకూడదు. నేనూ మొదట పొరబడ్డాను. ఆ యాప్ కట్టడంలో వాడుకున్న ఇతరుల ఇటుకల జాబితా అది. ఇటుకలు ఊరందరివీ కావచ్చు, ఇల్లు మాత్రం ఆసామిదే. యాజమాన్య యాప్‌లలోనూ ఈ పేజీ మామూలుగా ఉంటుంది.

4. అదే యాప్ ఎఫ్‌-డ్రాయిడ్‌లో ఉందేమో వెతకాలి. ఉంటే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. లేకపోతే కాదని మాత్రం అర్థం కాదు. అందరూ అక్కడ పెట్టరు.

5. యాప్ మన చేతిలో ఉన్నా, మన రాతలు దాగే సర్వరు ఎవరిదో అడగాలి. టెలిగ్రామ్ యాప్ మూలరచన బయట ఉంది, సర్వరుది లేదు. సిగ్నల్ వారు సర్వరు మూలరచన కూడా ప్రచురించారు.

6. అన్నిటికన్నా ముఖ్యం, నేను అడగకుండా పోయిన ప్రశ్న: ఇందులో పెట్టినదాన్ని, వేరే ఎక్కడైనా తెరవగలిగే రూపంలో, బయటికి తీసుకోవచ్చునా? మొదటి పాట రాసిన రోజే తీసి చూడాలి. 143వ పాట రాశాక కాదు.

ఊరబావికీ పూడిక పడుతుంది

ఇంతా చెప్పి, స్వేచ్ఛ ఉన్నదంతా మంచిది, లేనిదంతా చెడ్డది అంటే అది అన్యాయం. బ్యాంకుల యాప్‌లు యాజమాన్య సాఫ్ట్‌వేరే, మా బ్యాంకుదీ అంతే. వాటిని వాడవద్దని నేను అనను. బ్యాంకు వెబ్‌సైటులో ఇచ్చిన లంకె ద్వారానే దించుకోండి అంటాను. ఊరబావి అయినంత మాత్రాన నీళ్ళు శుభ్రంగా ఉంటాయన్న పూచీ లేదు. ఎవరో ఒకరు దిగి పూడిక తీయాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో చాలా భాగం ఒకరిద్దరు స్వచ్ఛందంగా, జీతం లేకుండా మోస్తున్నదే.

2024 మార్చిలో జరిగింది చూడండి. లినక్సు కంప్యూటర్లలో విస్తారంగా వాడే 'ఎక్స్‌జెడ్' అనే చిన్న ఉపకరణం ఉంది. దాన్ని ఒక్కరే చూసుకునేవారు. సాయం చేస్తానని ఎవరో వచ్చి, రెండేళ్ళకు పైగా నమ్మకం సంపాదించి, చివరకు అందులో దొంగదారి పెట్టారు. లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరుకు అనుమానం వచ్చింది. ఆయన తవ్వి చూస్తే దొంగ దొరికాడు. దొంగ చొరబడింది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులోనే. బయటివాడు తవ్వి చూడగలిగిందీ అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కావడం వల్లనే. రెండూ చెప్పుకోవాలి.

అలాగే ఉచితం పేరిట జరిగే దగాలు వేరు. రిజర్వు బ్యాంకు కార్యబృందం 2021లో ఇచ్చిన నివేదికలో, మన దేశంలో ఆండ్రాయిడ్ వాడుకరులకు అందుబాటులో ఉన్న అప్పుల యాప్‌లు సుమారు 1100 అనీ, అందులో 600 వరకు చట్టవిరుద్ధమైనవనీ తేలింది. దించుకోవడానికి ఒక్క పైసా అడగనివే అవన్నీ. వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్ళను ఎంత దగ్గరి చుట్టం పేరు మీద వచ్చినా తెరవకండి. శుభలేఖకు ఇన్‌స్టాల్ బొత్తాం ఉండదు.

మరి స్వేచ్ఛ వల్ల ఒరిగేదేమిటి? ఆసామి మారినప్పుడు తెలుస్తుంది. 'సింపుల్ మొబైల్ టూల్స్' అని ఫోటోలు, క్యాలెండరు, నోట్సు వంటి చిన్న యాప్‌ల వరస ఒకటుండేది. జీపీఎల్ కిందివి. 2023 చివర వాటిని సొంతదారు ఒక వ్యాపార సంస్థకు అమ్మేశారు. ప్రకటనలు, చందాలు మొదలవుతాయని వాడుకరులు కలవరపడ్డారు. కానీ నాలుగో హక్కు ఉంది కదా! అంతవరకూ ఆ పనిలో చేయి వేసినవారిలో ఒకరు మూలరచన తీసుకుని 'ఫాసిఫై' అన్న కొత్త పేరుతో అవే యాప్‌లను కొనసాగించారు. కొన్నవారు పేరును కొన్నారు, ఊరబావిని కొనలేకపోయారు. 2010లో ఓపెన్ ఆఫీసు నుంచి లిబ్రే ఆఫీసు విడివడి వచ్చిందీ ఇలాగే. మా అమ్మ పాటలున్న యాప్‌కు అలా చేయి అందించే దారి లేకపోయింది. చేయగలవారు లేక కాదు. చేసే హక్కు ఎవరికీ లేక.

మన అక్షరాల సంగతి

మన బోటి ప్రవాసాంధ్ర కుటుంబాలకు ఇది కేవలం కంప్యూటరు విషయం కాదు. పాఠశాలలో తెలుగు లేని ఊళ్ళలో, మన పిల్లలకు తెలుగు కనిపించేది ఫోను తెర మీదే. అక్కడి అక్షరం ఎవరిదన్న ప్రశ్న మనకు ముఖ్యం. పాత డీటీపీ ఖతులలో కూర్చిన సంఘాల సంచికలు ఎన్నో నేడు కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలుగా కనిపిస్తాయి. ఆ ఖతి ఉన్న యంత్రం దగ్గరికే మళ్ళీ వెళ్ళాలి. యూనికోడు ప్రమాణంలో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, అది మన అచ్చుపనిలోకి రావడానికి ఏళ్ళు పట్టింది.

సంతోషించవలసిన సంగతి కూడా ఉంది. 2013 ప్రాంతంలో సిలికానాంధ్ర వారు కొన్ని తెలుగు ఖతులను ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద విడుదల చేశారు. ఎవరైనా వాడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. ఖతిని ఒక్కదాన్నే విడిగా అమ్ముకోకూడదన్న షరతు ఉంది. వాటి పేర్లు చూడండి: పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, మల్లన్న, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ. హంపీలో కొలువుతీరిన సభ అంతా ఉంది. కన్నడదేశంలోని మనవాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి! గిడుగు పేర కూడా ఒక ఖతి ఉంది. నేడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, జనం నోట ఉన్న భాషే రాతలోనూ ఉండాలని పోరాడిన మనిషి పేరు, జనం సొత్తయిన ఖతికి పెట్టడం ఎంతో తగింది.

మన సంఘం సభ్యుల పట్టికనూ జమాఖర్చులనూ నా పోరు పడలేక లిబ్రే ఆఫీసులోకి మార్చారు. నకలు ఒకటి కార్యదర్శి దగ్గర, ఒకటి కోశాధికారి దగ్గర ఉంటుంది. పాటల పని కూడా మళ్ళీ మొదలైంది. కృష్ణగిరిలో మా పిన్ని ఉంది, అమ్మకన్నా పన్నెండేళ్ళు చిన్న. ఆమెకు గుర్తున్నవి 27 దొరికాయి. అన్నీ యూనికోడు తెలుగులో, ఏ యంత్రమైనా తెరవగల సాదా ఫైళ్ళుగా, మూడు చోట్ల దాచాము. ఒక ప్రతి కాగితం మీద కూడా తీయించాను. మొత్తం 58 అయ్యాయి. ఇంకా 85 రావాలి.

వాటిలో ఒక అప్పగింతల పాట మొదటి చరణం మాత్రం పిన్నికి గుర్తుంది. పిల్లను పంపే తల్లి, పెరట్లో తాను పెంచిన కనకాంబరం మొక్కకు ఇక నీళ్ళెవరు పోస్తారని అడుగుతుంది. రెండో చరణంలో పిల్ల ఏదో జవాబు చెబుతుంది. అది అమ్మకు వచ్చు, మా ఎవరికీ రాదు. హొసూరు, డెంకణికోట, మాలూరు వైపు ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఎవరికైనా ఆ జవాబు తెలిసి ఉంటే, కార్డు ముక్క మీద రాసినా సరే, పత్రిక చిరునామాకు పంపవలసిందిగా నా మనవి.